కోటిరత్నం వదిన వంటగట్టు

మా కోటిరత్నం వదిన పదేళ్ళపాటు కూర్చునే వంట చేసింది. నడుము వంగక కాదు, ఇంట్లో గట్టు కట్టించుకునే తాహతు లేకా కాదు. ఇటలీ మీద పంతం పట్టి. ఆ పంతం మధ్యలో చైనా మీదికి మళ్ళింది, చివరికి మా ఊరి పొలిమేరలో తీరింది. చీమకుర్తి చుట్టుపక్కల ఈ కథ నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళెవరూ ఇటలీవాడి మాటల్ని వదినకి తెలుగు చేసినవాళ్ళు కారు. ఆ పని నాది. కొంచెం అటూ ఇటూగా చేశాననుకోండి, అది వేరే సంగతి.

వదిన భర్త చెంచురామయ్య మా పెదనాన్నగారి అబ్బాయి, నాకు అన్నయ్య. ఆయనకి ఊరి చివర రెండెకరాల చెక్క ఉండేది. అందులో మిరప వేస్తే మొక్కలు సిగ్గుతో తలొంచుకునేవి. పత్తి వేస్తే పురుగు కూడా వచ్చి చూసి, ఇక్కడ తినడానికేం లేదని పక్క చేలోకి పోయేది. నాగలి కడితే కర్రు రాతికి తగిలి ఖంగుమనేది. ఆ మోత విని గుడి గంటనుకుని లెంపలేసుకున్న వాళ్ళని నేను కళ్ళారా చూశాను.

1997 ఎండాకాలంలో రామచంద్రమూర్తి అనే క్వారీ కాంట్రాక్టరు ఆ చెక్కని లీజుకి తీసుకున్నాడు. పైమట్టి తీయించేసరికి కింద నల్లరాయి పడింది. ఏనుగంత మొదటి రాయిని క్రేనుతో పైకి లేపిన రోజున ఊరు ఊరంతా అక్కడే ఉంది. ఆ బరువుకి భూమి ఒక పక్కకి ఒరిగిందనీ, అందుకే ఆ సాయంత్రం పొద్దు తొందరగా కుంకిందనీ నేను చాలామందిని నమ్మించాను.

రాయిని ఎంచుకోవడానికి ఇటలీ నుంచి బ్రూనో అనే ఆయన వచ్చాడు. ఎర్రటి ముక్కు, వెడల్పు టోపీ, చేతిలో నీళ్ళ సీసా. ఆ ఎండలో మేమంతా ఆయన నీళ్ళు తాగుతాడనుకున్నాం. ఆయన వాటిని రాయి మీద పోశాడు. రాయి కొనేవాళ్ళ పద్ధతే అంత. పొడిగా ఉన్న రాయి దుమ్ము కొట్టుకుని దున్నపోతు వీపులా ఉంటుంది. తడిస్తేనే దాని లోపలి సంగతి బయటపడుతుంది. నీళ్ళు జారినంత మేరా నల్లటి నలుపు తేలి, అందులో బంగారు చుక్కలు మిలమిలా లేచాయి. పట్టపగలు నక్షత్రాలు కనపడ్డాయంటే నేను చెప్పినా ఎవరూ నమ్మరు, కానీ ఆ రోజు చూశాం.

కూలీలకి మజ్జిగ తెచ్చిన వదిన కుండ దించడం కూడా మరిచిపోయి నిలబడిపోయింది. ఈ రాయి నా వంటింటి గట్టుకి కావాలి, అంది.

ఈలోగా బ్రూనో రాయి చుట్టూ తిరిగి ఒక మూల ఆగిపోయాడు. వెంట్రుకంత సన్నటి తెల్ల చార ఒకటి ఏటవాలుగా లోపలికి పోతోంది. ఆయన పెదవి విరిచి, దాని మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీశాడు. పనికిరాదని అర్థం. వదిన ముఖం వెలిగిపోయింది. మీకు పనికిరాకపోతే మాకివ్వండి అని రామచంద్రమూర్తిని అడిగింది.

ఆయన నవ్వాడు. "తీసుకోమ్మా, మీ చేలో రాయేగా. కొయ్యడం ఎట్లా? ఇంత రాయిని పలకలుగా కోసే రంపాలున్నది వీళ్ళ దగ్గర. మన దగ్గర ఒకటో అరో ఉన్నా, అవి గట్లకీ గడపలకీ కొయ్యవు."

రాయి ఇక్కడ పుట్టి, లారీ ఎక్కి, మద్రాసులో ఓడెక్కి, ఇటలీలో కోయించుకుని, అద్దంలా మెరిసి, అక్కడి నుంచి దేశదేశాలకీ పోతుందని ఆయన వివరంగా చెప్పాడు. వదిన అంతా విని బ్రూనో వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ ఊళ్ళో రాళ్ళు లేవా, మా చేలోకొచ్చి పడ్డారు?"

బ్రూనో నా వైపు చూశాడు. ఊళ్ళో కాన్వెంటు ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. మీ దేశపు కొండలు కులాసాయేనా అని అడుగుతోందని చెప్పాను. ఆయన టోపీ తీసి, కులాసాయేనని చెప్పమన్నాడు.

నిజానికి వదిన అడిగిన ప్రశ్న నేను చిన్నప్పుడు గుంటూరు కాన్వెంటులో అడిగిందే. మా సిస్టరు ఒక పాత పుస్తకం తెరిచి, ప్రపంచానికంతటికీ బట్ట నేసే కార్ఖానా ఇంగ్లండులో ఉందని చదివేది. మా తాతల కాలంలో గుంటూరు పత్తి ఓడెక్కి వెళ్ళి, మాంచెస్టరులో గుడ్డగా మారి, మళ్ళీ ఓడెక్కి మా తాతల నడుముకే వచ్చిందట. ఆ పత్తికి రెండుసార్లు ఓడ ఎక్కే సరదా ఎందుకని నేను లేచి అడిగాను. సిస్టరు నన్ను బెంచీ ఎక్కించింది.

వదినకి బెంచీ ఎక్కించే సిస్టరు ఎవరూ లేరు. పదిమందిలో చెంగు బిగించి అనేసింది. "వీళ్ళ రంపం మా ఊరొచ్చి ఈ రాయి కోసిందాకా నేను నిలబడి వండను. కూర్చునే వండుతా. ఇది నా మొక్కు."

మామూలుగా మొక్కు దేవుడికి మొక్కుతారు. వదిన రంపానికి మొక్కింది.

అడ్డగీత గీసిన ఆ రాయిని చేను గట్టున పడేశారు. మిగతా రాళ్ళు ఒకదాని వెనక ఒకటి లారీలెక్కి పోయాయి. వదిన ఆ రాయి మీద వడియాలు పెట్టింది, మిరపకాయలు ఎండబెట్టింది, తీరిక దొరికితే ఎక్కి కూర్చుని కబుర్లు చెప్పింది. అన్నయ్య మధ్యలో ఒకసారి రాజీకి వచ్చి, కడప బండ తెప్పించి గట్టు కట్టిస్తానన్నాడు. అప్పట్లో మా వైపు గట్లన్నీ కడప బండవే. వదిన ఆ మాట విననట్టే పప్పు ఎనిపింది.

అసలు చిక్కు గ్యాసుతో వచ్చింది. ఆడవాళ్ళ పేరున గ్యాసు కనెక్షన్లు ఇస్తున్న రోజులవి. బిగించడానికి వచ్చిన కుర్రాడు, పొయ్యి నేల మీద పెట్టకూడదు, సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలన్నాడు. అంతేనా అంది వదిన. వారం తిరిగి ఆ కుర్రాడు వచ్చేసరికి వంటింట్లో గొయ్యి తవ్వించి ఉంచింది. సిలిండరు గోతిలో, పొయ్యి నేల మీద. ఎత్తు సరిపోయిందా లేదా చూసుకోమంది.

కుర్రాడు గోతిలోకి చూశాడు, వదినని చూశాడు, సిలిండరు భుజాన ఎత్తుకుని పరుగు లంకించుకున్నాడు. గ్యాసు కారిందంటే బరువుకి గోతిలోనే నిలుస్తుందనీ, అగ్గిపుల్ల గీస్తే ఇల్లు వినుకొండ కొండ మీద పోయి పడుతుందనీ వీధి చివర నుంచి అరిచి చెప్పాడు. వదిన ఆ గోతిలో అల్లం పాతింది. మళ్ళీ కట్టెల పొయ్యి ముందు పీట వేసుకుంది. పొగకి ఆమె కళ్ళు ఏ కాలమైనా పండుమిరపల్లా ఉండేవి. అన్నయ్యకి అది చూస్తే బాధ. ఆయన బాధ వదినకి కనపడేది కాదు, పొగలో.

కొత్త శతాబ్దం వచ్చింది. ఇటలీవాళ్ళ రాక పలచబడింది. ఒకరోజు ఇద్దరు చైనా కుర్రాళ్ళు జీపు దిగారు. బ్రూనో ఒక రాయి చుట్టూ పూటంతా తిరిగేవాడు. వీళ్ళు నడుస్తూ నడుస్తూనే వేలు చూపించి, ఇది, ఇది, ఇది అన్నారు. చార ఉన్నా సరే, మూల విరిగినా సరే. వాళ్ళ ఊళ్ళో వీధికో రంపం ఉందనీ, రాయి కోత పని ఇటలీ చేతి నుంచి అటు జారిపోతోందనీ రామచంద్రమూర్తి హుషారుగా చెప్పాడు. కాసేపట్లో ఆ వేలు గట్టున ఉన్న వదిన రాయి వైపు తిరిగింది.

వదిన వెళ్ళి రాయి ఎక్కి వడియాల మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చుంది. రామచంద్రమూర్తి మంచి ధర ఇప్పిస్తానన్నాడు. లారీ వచ్చింది. క్రేను కొక్కెం ఆమె తల మీద ఊగింది.

"ఎత్తుకోండి, నాతోపాటే ఎత్తుకోండి," అంది వదిన. "చైనాలో దిగి వాళ్ళ రంపమూ చూసొస్తా. మరిదీ, వాళ్ళకి చెప్పు, అక్కడ వడియాలు ఎండుతాయో లేదో కనుక్కో."

నేను ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ళకి ఇంగ్లీషు అంతగా రాదు. వాళ్ళిద్దరిలో పెద్దవాడు ఈమె రాయికి పూజారిణి అనుకున్నాడేమో, రెండు చేతులూ జోడించి జీపెక్కాడు.

ఆ తరవాత నాలుగేళ్ళు మా చేలన్నీ చైనాకే నడిచాయి. ఆ లారీల బరువుకి రోడ్డు ఎంత దిగిపోయిందంటే, మా ఊరి బస్సు పైకప్పు మాత్రమే కనపడేది. చివరికి అన్నయ్య చెక్కలో మంచి రాయి అయిపోయింది. క్వారీ గొయ్యి వాననీటితో నిండి కొంగలు వాలాయి. ఇక ఆ నేలది అంటూ లోకంలో మాకు మిగిలింది వదిన కూర్చున్న రాయొక్కటే.

2007 ఎండల్లో ఖాదర్ వలి సైకిలు మీద వచ్చాడు. అతను రామచంద్రమూర్తి దగ్గర మెకానిక్కు. రొప్పుతూనే చెప్పాడు, రంపం వస్తోందని. రామచంద్రమూర్తి మా ఊరి పొలిమేరలో ఫ్యాక్టరీ కడుతున్నాడు, ఇటలీలో మూతపడ్డ ఒక కార్ఖానాలోని పెద్ద రంపాన్ని విడగొట్టించి ఓడలో తెప్పిస్తున్నాడు. వదిన ఆ మాట విని పొయ్యి మీద పాలు పొంగబెట్టేసింది.

ట్రెయిలర్లు వచ్చిన రోజున పిల్లలు బడి మానేశారు, పంతుళ్ళు పిల్లలకన్నా ముందే మానేశారు. రంపమంటే మన వడ్రంగి రంపం కాదు. ఇల్లంత ఇనప చట్రం, అందులో వరసగా బిగించిన పొడుగాటి ఇనప పట్టీలు. చట్రం ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంటే, పైనుంచి సున్నం, నీళ్ళు, ఉక్కు రవ్వ కలిపిన గుజ్జు పారుతుంది. పట్టీ ఆ రవ్వని రాతి మీద రుద్దుతూ కోసుకుంటూ దిగుతుంది. ఒకసారికి ఒక రాయి, పలకలు పలకలుగా. ఖాదర్ వలి ఇదంతా చెబితే, రుబ్బుడే కదరా అంది వదిన.

ఆఖరి ట్రెయిలరు వెనక కారులోంచి వెడల్పు టోపీ దిగింది. బ్రూనో. జుట్టు తెల్లబడింది, ముక్కు మాత్రం ఎర్రగానే ఉంది. రంపం బిగించి అప్పజెప్పడానికి వచ్చాడు. ఆ మూతపడ్డ కార్ఖానా ఆయన పనిచేసిందేనట. నా ఇంగ్లీషూ ఆయన ఇంగ్లీషూ కలిపినా ఒక ఇంగ్లీషు కాదు, అయినా ఆ సంగతి అర్థమైంది.

బిగింపు పూర్తయ్యాక అసలు ప్రశ్న లేచింది. పరీక్షకి ఏ రాయి పెట్టాలి? అంత దూరం ప్రయాణం చేసిన రంపం, కొత్త పునాది. ఎగుమతికి పోవలసిన మంచి రాయి పెట్టడానికి రామచంద్రమూర్తికి మనసు ఒప్పలేదు. ఖాదర్ వలి తల గోక్కుంటూ వదిన వైపు చూశాడు. నా రాయుంది పదండి, అంది వదిన.

చేను గట్టు మీది రాయిని కడిగారు. పదేళ్ళ వడియాల పిండీ కారమూ పోయాక కింద ఎర్రగీత మసక మసగ్గా బయటపడింది. బ్రూనో దాన్ని గుర్తుపట్టాడు. వంగి, తెల్ల చార మీద బొటనవేలు రాసి, లేచి నాతో నెమ్మదిగా మాట్లాడాడు. ఆ ఒక్కసారికి నేను కల్పించలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. చార వాలుగా లోపలికి దిగిందట. కోత మధ్యలో కొంచెం అదిరినా అక్కడ మొత్తం చీలిపోతుందట. గట్టు కాదు గదా, రోడ్డు మీద పరిచే కంకర మిగులుతుందట. వేరే రాయి చూసుకోమంటున్నాడు.

వదిన నీళ్ళు నిండిన గోతి వైపు చూసింది. అన్నయ్యేమో, ఉండనీయవే, వడియాలకైనా ఉంటుంది, అన్నాడు.

"వడియాలు పెట్టుకోడానికా ఇన్నేళ్ళు కాపలా కాసింది?" అంది వదిన. "కొయ్యండి."

రంపం కదిలింది. ఊరికి కొత్త మోత వచ్చింది, ఝుస్సు, ఝుస్సు, ఝుస్సు. ఆ మోతకి మా ఇంట్లో గేదె లయ తప్పకుండా నెమరు వేయడం మొదలుపెట్టింది. రోజుకింత చొప్పున పట్టీలు రాతిలోకి దిగాయి. వదిన తెల్లారగానే వంట ముగించి, ఫ్యాక్టరీలో పీట వేసుకుని కూర్చునేది. ముక్కాలు భాగం దిగింది, రాయి నిలిచింది. అందరి ముఖాల్లోకీ కళ వచ్చింది.

అప్పుడొచ్చింది గాలివాన. మధ్యాహ్నం మబ్బు కమ్మి, రోడ్డు పక్క కరెంటు స్తంభం ఒకటి పడుకుంది. రంపం ఝుస్సుమని మధ్యలోనే ఆగిపోయింది. రామచంద్రమూర్తి రంపానికి ముహూర్తం పెట్టించాడు గానీ జనరేటరుకి పెట్టించలేదు.

ఖాదర్ వలి గుజ్జు తొట్టి దగ్గరికి పరుగెత్తాడు. "ఇది ఆగితే పోయినట్టే పెద్దమ్మా. రవ్వ అడుక్కి దిగి గడ్డకడతది. రాతి కోతల్లో గుజ్జు ఆరితే పట్టీలు బిగుసుకుంటాయి. కరెంటొచ్చి ఒక్క లాగు లాగితే చార కాడ ఫటేల్."

"అడుగంటకుండా కలపాలి, పైన తడి ఆరకుండా పొయ్యాలి. అంతేగా?"

"అంతే. కరెంటొచ్చిందాకా."

వదిన అంతకు మించి వినలేదు. వానలోనే వెళ్ళి ఊరుమ్మడి పెళ్ళి సామాను గది తెరిపించింది. వెయ్యిమందికి పులిహోర కలిపే చెక్క తెడ్లు భుజాన వేసుకుని అన్నయ్య, బకెట్లతో నేను, వెనకాల పక్క కళ్ళంలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న వినుకొండ ఆడకూలీలు. తొట్టి చుట్టూ నిలబడి తెడ్లు వేశాం. మరో వరస రంపం పైకెక్కి, అందిన బకెట్టు అందినట్టే కోతల్లో గుజ్జు పోసింది. సున్నపు గుజ్జుతో అందరం ముగ్గుబుట్టలో పడ్డ పిల్లుల్లా తయారయ్యాం.

"అడుగునుంచి లేపండే, పైపైన తిప్పితే ఎట్లా? నీ మొగుడి పెళ్ళికి కలిపినట్టు కలపక," అని వదిన కేకలు. "అత్తా, ఉప్పు చూడు సరిపోయిందో లేదో," అని ఒక కూలీపిల్ల ఎదురుజవాబు. బ్రూనో టోపీ పారేసి తెడ్డు పట్టుకున్నాడు. తన భాషలో ఏదో పాట ఎత్తుకుంటే, కూలీలు దానికి నాట్ల పాట కలిపారు. రెండు పాటలూ ఎక్కడ కలిశాయో తెలియదు గానీ తెడ్లు మాత్రం కలిసి తిరిగాయి. నేను కలిపిన వేగానికి తొట్టిలో సుడిగుండం లేచి ఖాదర్ వలి చెప్పు మింగేసింది. చెప్పు దొరికింది గానీ, సుడిగుండం నిజం.

దీపాలు పెట్టే వేళకి కరెంటు వచ్చింది. ఎవరూ తెడ్డు ఎత్తలేదు. ఖాదర్ వలి బిస్మిల్లా అని మీట నొక్కాడు. చట్రం ఒక్కసారి మూలిగింది. కొంచెం కదిలింది. ఝుస్సు. మళ్ళీ ఝుస్సు. మేమంతా పెట్టిన కేకలకి గోతి దగ్గరి కొంగలు లేచిపోయాయి.

కోత ముగిసిన ఉదయం పలకలు పుస్తకంలో కాగితాల్లా నిలబడి ఉన్నాయి. అంచు పలకని కదపగానే చార దగ్గర రెండుగా విడిపోయింది. రెండోదీ అంతే. వదిన మొగుడి చెయ్యి పట్టుకుంది, అది పదిమందిలో ఆమె ఎప్పుడూ చేసిన పని కాదు. మూడో పలకలో చార మూలకి జరిగింది. నాలుగో పలకలో చారే లేదు. వాలుగా వచ్చింది వాలుగానే బయటికి పోయింది. బ్రూనో జేబులోంచి నీళ్ళ సీసా తీశాడు, కానీ తను పోయకుండా వదినకి ఇచ్చాడు. వదిన పోసింది. నక్షత్రాలు లేచాయి.

ఖాదర్ వలి దాన్ని నున్నగా పాలిష్ పట్టి వంటింట్లో బిగించాడు. గ్యాసు కుర్రాడు, ఇప్పుడు మీసాలొచ్చిన మనిషి, గొయ్యి పూడ్చారా అని వాకిట్లోంచే అడిగి లోపలికొచ్చాడు. వదిన కొత్త చీర కట్టుకుని గట్టు ముందు నిలబడింది. పొయ్యి వెలిగించింది. తిరగమోతకి గుప్పెడు ఆవాలు గట్టు మీద పోసింది, అవి కాస్తా మాయమైపోయాయి. నల్లరాయి మీద నల్ల ఆవాలు. పదేళ్ళు కాపలా కాసిన మనిషి గట్టు మీద రెండు చేతులతో తడుముకుంటోంది. "నవ్వితే అన్నం పెట్టను," అని చెప్పింది, అందుకని అందరం నవ్వాం.

ఆ పూట బ్రూనో మా ఇంట్లోనే తిన్నాడు. దోసకాయ పప్పు, గోంగూర, పండుమిరప పచ్చడి. తింటూ తింటూ తన ఊరి సంగతి చెప్పాడు. కుర్రాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ రంపం మోతలోనే బతికాడట. ఇప్పుడు వాళ్ళ వీధిలో ఏ మోతా లేక నిద్ర పట్టడం లేదట. నేను తెలుగు చేశాను. వదిన నెయ్యి వడ్డిస్తూ విని, ఇది చెప్పు మరిదీ అంది.

"మా పుట్టింటి వీధిలో మంచి రోలు వెంకాయమ్మగారింట్లో ఉండేది. వీధి పప్పంతా అక్కడికే. ఆమె ఎంత చెబితే అంత. తరవాత మా అమ్మ పెద్ద రోలు తెప్పించింది, జనమంతా మా ఇంటికి తిరిగారు. ఆ తరవాత ఇంటికో గ్రైండరొచ్చింది, మా రోట్లో కోడిపెట్ట గుడ్లు పెట్టింది."

బ్రూనో విని, ఆ వెంకాయమ్మగారు ఏమైందని అడిగాడు.

"ఏమవుద్ది? పొద్దున్నే మా ఇంటికొచ్చి అట్లు తిని, పిండి ఇంకాస్త మెదగాల్సింది అని వంక పెట్టి పోయేది. ఆమె వంక పెట్టందే మా అమ్మకి అట్టు రుచించేది కాదు."

బ్రూనో పగలబడి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. పచ్చడి కారం, అన్నాడు. పచ్చడి ఆయన ఇంకా కలుపుకోలేదు. అది నేను చూశాను గానీ తెలుగు చెయ్యలేదు. చేతులు కడుక్కుని గట్టు దగ్గరికి వెళ్ళి, అంచు మీద వేలు రాసి, పాలిష్ ఇంకాస్త పట్టాల్సింది అన్నాడు. అది మాత్రం వెంటనే చెప్పాను. వదిన ముఖం విప్పారిపోయింది.

వెళ్ళేముందు ఆమె ఆయన చేతిలో ఒక మూట పెట్టింది. విరిగిన మొదటి పలకలోంచి ఖాదర్ వలితో గుండ్రంగా కోయించిన చపాతీ పీట. మీ ఆవిడకివ్వు, మా చేలోదని చెప్పు అంది. ఆ బరువుకి విమానం మద్రాసులో మూడుసార్లు పరుగెత్తి మరీ లేచిందని నేను చెబుతుంటాను. అది మీరు నమ్మకపోయినా ఫరవాలేదు. మా ఊళ్ళో కోసిన రాయి ఇటలీకి వెళ్ళడం మాత్రం అదే మొదలు. ఆ మరుసటి నెల నుంచి ఒక్క పూట కూడా ఆగకుండా రంపం ఊగింది, పలకలు ఓడెక్కాయి, మా వీధిలో ఆ మోత లేకపోతే ఎవరికీ నిద్ర పట్టేది కాదు.